అసురుల ఫిర్యాదు

నాటకం పుట్టిన రోజే గొడవ జరిగింది. భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఆ కథ ఉంది. ఇంద్రధ్వజ ఉత్సవంలో భరతుడు తన వందమంది కొడుకులతో తొలి ప్రదర్శన ఏర్పాటు చేశాడు. ఇతివృత్తం, దేవతల చేతిలో అసురుల ఓటమి. దేవతలు మురిసిపోయి నటులకు కానుకల మీద కానుకలిచ్చారు. అయితే ఆ సభలో అసురులు కూడా కూర్చుని ఉన్నారు. తమ పరాజయాన్ని తమ కళ్లముందే ఆడి చూపిస్తుంటే వాళ్లకు ఒళ్లు మండింది. విరూపాక్షుణ్ణి ముందు పెట్టుకుని లేచారు. మాయ పన్ని నటుల మాటనూ కదలికనూ జ్ఞాపకాన్నీ స్తంభింపజేశారు. ఇంద్రుడు విషయం గ్రహించి ధ్వజం కర్ర అందుకుని వాళ్లను చితకబాదాడు.

కర్రతోనే తేలిపోయే వ్యవహారమైతే దీన్ని శాస్త్రగ్రంథం మొదట్లో చెప్పుకోవలసిన పని లేదు. దెబ్బలు తిన్నాక కూడా అసురులు ఊరుకోలేదు. చివరికి దేవతలే బ్రహ్మ దగ్గరికి వెళ్లి, సామంతో నచ్చజెప్పి చూడమన్నారు. నాటకాన్ని ఎందుకు పాడుచేస్తున్నారని బ్రహ్మ అడిగాడు. విరూపాక్షుడు సూటిగానే చెప్పాడు. దేవతల ముచ్చట తీర్చడానికి తమను నలుగురిలో చిన్నబుచ్చారని, దేవతలకూ తమకూ పితామహుడైనవాడు చేయవలసిన పని కాదని. బ్రహ్మ ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు. నాట్యం ఒక్క దేవతల సొత్తు కాదని, మూడు లోకాల భావాలనూ చూపేదని, అసురుల మంచిచెడులూ దేవతల మంచిచెడులూ రెండూ అందులో ఉంటాయని మాటిచ్చాడు.

పండితుల లెక్కలో ఈ గ్రంథం వయసు ఇంచుమించు రెండు వేల ఏళ్లు. మనోభావాలు దెబ్బతిన్నాయంటూ కోర్టు మెట్లెక్కే ఈ రోజుల్లో, ప్రతినాయకుణ్ణి ఎలా రాయాలన్న చర్చ కొత్త పోకడ అనిపించడం సహజం. కానీ భరతుడి కథను బట్టి చూస్తే నాటకం వయసెంతో ఆ చర్చ వయసూ అంతే. చెడ్డవాడి చెడును తక్కువ చేసి చూపితే బాధితుడికి అన్యాయం. అతనిలో చెడు తప్ప ఇంకేమీ లేదని చూపితే అబద్ధం. ఈ రెండింటి మధ్య రచయిత ఎక్కడ నిలబడాలి? రచనా శిల్పం దీనికి కొంతవరకే జవాబు చెప్పగలదు. ఎందుకంటే చెడు ఎక్కణ్ణుంచి వస్తుందనే పాత ధర్మసందేహం దీని అడుగున ఉంది.

పుట్టుక నుంచి వస్తుందంటే పురాణాలు ఒప్పుకోవు. దేవతలూ అసురులూ సవతి బిడ్డలు, తండ్రి ఒక్కడే, కశ్యపుడు. అదితికి ఆదిత్యులు, దితికి దైత్యులు, దనువుకు దానవులు. రావణుడు పులస్త్యుడి మనవడు, వేదం చదివినవాడు. నెత్తురే చెడ్డదైతే విభీషణుడు ఎలా పుట్టాడు, ప్రహ్లాదుడు ఎలా పుట్టాడు? దానమిచ్చిన మాట తప్పనని గురువునే ఎదిరించిన బలి ఎలా పుట్టాడు? దేవతల్లో మాత్రం ఇంద్రుడి చరిత్ర అంత చెప్పుకోదగ్గదేం కాదు.

భగవద్గీత పదహారో అధ్యాయం ఈ విషయంలో ఇంకో అడుగు ముందుకేసింది. దైవ గుణాలనూ ఆసుర గుణాలనూ విడదీసి చెప్పే అధ్యాయం అది. మధ్యలో హఠాత్తుగా కృష్ణుడు ఆసుర స్వభావుడి గొంతుతోనే మాట్లాడతాడు. ఇవాళ ఇంత సంపాదించాను, రేపు ఇంకింత నాదవుతుంది, ఒక శత్రువును తీసేశాను, మిగిలినవాళ్ల పనీ పడతాను, నాతో సమానుడెవడు అన్న ధోరణిలో మూడు శ్లోకాలు నడుస్తాయి. యాగాలు చేస్తాను, దానాలు ఇస్తాను అని కూడా అతను అనుకుంటాడు. అతనికి కోరలు లేవు, కొమ్ములు లేవు. గుడిలో ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకునే ఏ ఊరి పెద్దమనిషైనా కావచ్చు. నవల రాసేవాళ్లు ఈ మూడు శ్లోకాలనూ శిల్పపాఠంగా చదువుకోవచ్చు. బయట నిలబడి తిట్టడం కంటే లోపల కూర్చుని మాట్లాడించడం వల్ల ఆ మనిషి ఎక్కువ తెలుస్తాడు.

భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడి పాత్ర ఈ పనికి పరాకాష్ఠ. తెలుగువాళ్లకు అతను పోతన వల్ల తెలుసు, యస్వీ రంగారావు వల్ల తెలుసు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ కూడా భక్త ప్రహ్లాదే. కాబట్టి తెలుగు తెర మాటలు నేర్చింది ఈ తండ్రీకొడుకుల గొడవతోనే. సినిమాల్లో సాధారణంగా అతను గద పట్టుకుని అరుస్తూనే ప్రవేశిస్తాడు. భాగవతంలో అతను చావుదుఃఖంలో మనకు కనబడతాడు. సోదరుడు హిరణ్యాక్షుణ్ణి వరాహమూర్తి చంపాడు. ఇల్లంతా ఏడుపు. హిరణ్యకశిపుడు ఒకవైపు యజ్ఞాలను ధ్వంసం చేయమని అనుచరులను పురమాయించి, మరోవైపు తల్లి దితి దగ్గరా, సోదరుడి భార్యాబిడ్డల దగ్గరా కూర్చుని ఓదారుస్తాడు.

ఆ ఓదార్పు మామూలుది కాదు. వాళ్లకు అతనొక పాత కథ చెబుతాడు. ఉశీనర దేశపు రాజు సుయజ్ఞుడు యుద్ధంలో చనిపోతే రాణులు శవం మీద పడి ఏడుస్తుంటారు. యముడు చిన్నపిల్లవాడి రూపంలో వచ్చి వాళ్లకు తత్వం చెబుతాడు. ఇంతకాలం మాట విని, బదులు పలికినవాడు మీకెన్నడూ కనబడలేదు, కనబడిన దేహం ఇంకా ఇక్కడే ఉంది, మరి ఎవరి కోసం ఏడుస్తున్నారు అంటాడు. ఉపనిషత్తులో ఉండదగిన ఈ మాటలను కవి ఏ మహర్షికీ ఇవ్వలేదు, హిరణ్యకశిపుడి నోట పెట్టాడు. అతను చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. దితి కూడా దుఃఖం దిగమింగుకుంది.

ఆ వెంటనే అతను మందర పర్వతానికి వెళ్లి ఘోర తపస్సుకు కూర్చుంటాడు. తనకు చావు రాకూడదని! దేహం పోయేదేనని తల్లికి చెప్పిన మనిషి, తన దేహం దగ్గరికి వచ్చేసరికి ఇంటా బయటా, పగలూ రాత్రీ, మనిషి చేతా మృగం చేతా చావు లేకుండా వరాలు కోరుకున్నాడు. అతని రాక్షసత్వం అంతా ఈ చీలికలో ఉంది. జ్ఞానం లేక చెడిపోయినవాడైతే చదువు చెబితే సరిపోయేది. తెలిసీ అలా ఉండడమే భయం పుట్టిస్తుంది. ఏ పాఠకుడైనా ఈ చోట గుండె మీద చెయ్యి వేసుకుని, తనకు ఇలాంటి చీలిక లేదనగలడా?

కొడుకు విషయంలోనూ అంతే. గురుకులం నుంచి వచ్చిన ప్రహ్లాదుణ్ణి అతను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏం చదువుకున్నావు నాయనా అని ముద్దుగా అడుగుతాడు. ఆ ఒడి నుంచి పిల్లవాణ్ణి తోసేసే దాకా నడిచే కథే ఆ స్కంధంలోని అసలు విషాదం. అన్నీ అయిపోయాక, నరసింహస్వామి వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు తన తండ్రి పాపం పోవాలని అడుగుతాడు. కొండల మీద నుంచి తోయించి, ఏనుగులతో తొక్కించబోయినవాడి తరఫున ఆ బాధలు పడినవాడే నిలబడ్డాడు. ఈ క్షమ కథకుడిది కాదు, బాధితుడిది. ఈ తేడా ముఖ్యం. బాధితుడి తరఫున క్షమించే అధికారం కథకుడికి లేదు. చాలా ఆధునిక కథలు ఈ చోటే కాలు జారతాయి.

భక్తి సంప్రదాయం దీనికి ఇంకో వివరణ కూడా జోడించింది. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు అందరూ వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులే, సనకాదుల శాపంతో మూడు జన్మలెత్తారని. ద్వేషంతోనైనా నిరంతరం విష్ణువునే తలచారు గనుక తిరిగి ఆయననే చేరారని. వైరభక్తి అనే ఈ ఊహ ప్రపంచ మత సాహిత్యంలోనే అరుదైనది. శాశ్వత నరకానికి ఎవరినీ అప్పగించదు. అయితే రచయిత దీన్ని యథాతథంగా వాడుకోబోతే ఇబ్బందే. అంతా ముందే రాసిపెట్టిన నాటకమైతే, చెరలో ఏడ్చిన సీత ఎవరు? చెడ్డవాడి మోక్షం కోసం పెట్టిన సరంజామానా? వేదాంతానికి ఇది చిక్కు ప్రశ్న కాకపోవచ్చు, కథకు మాత్రం చిక్కే.

వాల్మీకికి ఆ చిక్కు తెలుసు. సుందరకాండలో హనుమంతుడు రావణుణ్ణి కొలువులో తొలిసారి చూసినప్పుడు అతని రూపానికీ ధైర్యానికీ తేజస్సుకూ ఆశ్చర్యపోతాడు. అధర్మం ఒక్కటి లేకపోతే స్వర్గలోకాన్ని కూడా ఏలదగినవాడనుకుంటాడు. శత్రువు దూత చేత ఈ మెచ్చుకోలు పలికించడానికి ఎంత నిబ్బరం కావాలి! పదమూడో శతాబ్దపు గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం దాన్ని తిరగేసింది. అందులో రావణుడే రాముడి విలువిద్యకు ముగ్ధుడై మనసారా పొగుడుతాడు. ఎదుటివాడి గొప్పతనం గుర్తించగలిగినవాడు ఓడిపోతే, ఆ ఓటమికి బరువుంటుంది. ఎన్టీ రామారావు 1961లో సీతారామ కల్యాణం తీసినప్పుడు రాముడి వేషం మరొకరికిచ్చి తాను రావణుడి వేషం కట్టడం వెనక ఈ తెలుగు వారసత్వం ఉంది.

యుద్ధం ముగిశాక వచ్చే ఘట్టం మరీ గొప్పది. అన్న అధర్మపరుడని, పరస్త్రీని చెరపట్టినవాడని, అలాంటివాడికి కర్మ చేయలేనని విభీషణుడు వెనకాడతాడు. రాముడు ఒప్పుకోడు. చావుతో వైరం ముగిసిందని, నీకెలాగో తనకూ అలాగేనని చెప్పి దగ్గరుండి సంస్కారం చేయిస్తాడు. రావణుడు చేసింది ఒప్పని రాముడు ఎక్కడా అనలేదు. శిక్ష తగ్గించలేదు. శిక్ష తర్వాత మాత్రం శవాన్ని అవమానించనివ్వలేదు. ఆ ఒక్క ఘట్టంలో ఉన్న తూకం నేటి తెరమీద కనబడదు. పొడిచాక తిప్పి తిప్పి పొడవడం, చచ్చినవాణ్ణి స్లోమోషన్‌లో ఎగరేయడం, దానికి హాలంతా ఈలలు.

దుర్యోధనుడి సంగతి ఇంకా తిరకాసు. భాసుడి పేరుతో ప్రసిద్ధమైన ఊరుభంగం ఏకాంకికలో తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడి దగ్గరికి పసివాడైన కొడుకు దుర్జయుడు వచ్చి, ఎప్పటిలా ఒళ్లో కూర్చోబోతాడు. కూర్చోవద్దని చెప్పవలసిన పరిస్థితి ఆ తండ్రిది. గణపతిశాస్త్రి కేరళలో తాళపత్రాలు సంపాదించి 1912లో ప్రచురించడం మొదలుపెట్టే దాకా ఈ నాటకం సంగతే లోకానికి తెలియదు. వ్యాసుడి భారతం చివర, స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్లేసరికి అక్కడ దుర్యోధనుడు సింహాసనం మీద వెలిగిపోతూ కూర్చుని ఉంటాడు. ధర్మరాజుకు మండుకొస్తుంది. ఇతనితో కలిసి ఉండలేనంటాడు. స్వర్గంలో వైరాలుండవని నారదుడు నచ్చజెప్పవలసి వస్తుంది. ధర్మానికి పేరుపడ్డ మనిషికే శత్రువు మంచిని జీర్ణించుకోవడం చేతకాలేదంటే, మామూలు పాఠకుడి మాట చెప్పేదేముంది?

కేరళలో కొల్లం జిల్లా పోరువళిలో మలనడ అనే గుడి ఉంది. దుర్యోధనుడి గుడి. విగ్రహం లేదు, ఒక అరుగు మాత్రం ఉంటుంది. భక్తులు అతన్ని తాతా అని పిలుచుకుంటారు, కల్లు నైవేద్యం పెడతారు. దాహంతో వచ్చిన రాజుకు ఒక కురవ స్త్రీ కల్లు ఇచ్చిందని, ఆమె కులం తెలిసి కూడా అతను కాదనలేదని స్థలపురాణం. పూజారులు ఇప్పటికీ ఆ కులంవారే. హస్తినాపురంలో దుష్టుడైనవాడు అక్కడ అంటరానితనం పాటించని పెద్దాయన. రెండూ భారతంలో పొసగనివేమీ కావు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడి పుట్టుక గురించి ప్రశ్న వచ్చినప్పుడు, వీరుల మూలం నదుల మూలం వెతకకూడదన్నది ఆదిపర్వంలో దుర్యోధనుడే. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూర కర్ణలో కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు ఆ బీజాన్ని చెట్టు చేశాయి. కుల వివక్ష మీద విసిరిన ఆ ప్రశ్నలు ఊరూరా లౌడ్‌స్పీకర్లలో మోగాయి. ఎదుటివాడి చేతిలో న్యాయమైన వాదం ఒకటి పెట్టడమంటే అదీ.

అయితే ఇక్కడో గొయ్యి ఉంది. కర్ణుడి మీద జాలితో ఆధునిక రచనలు ఎన్నో వచ్చాయి. వాటిలో చాలావరకు సభాపర్వాన్ని తొందరగా దాటేస్తాయి. నిండు సభలో ద్రౌపదిని నీచమైన మాట అన్నది, ఆమె బట్టలు ఒలవమని దుశ్శాసనుడికి చెప్పినది కర్ణుడే. వ్యాసుడు దాన్ని దాచలేదు. కులం పేరుతో అవమానపడినవాడు, ఆడదాన్ని అవమానించడానికి వెనకాడలేదు. ఇదే అతని గురించి మనం తెలుసుకోవలసిన కష్టమైన నిజం. జాలి కోసం ఆ పేజీని చింపేసిన రచయిత కర్ణుడికి చేసిన మేలేమీ లేదు. అతన్ని చిన్నవాణ్ణి చేశాడు. ద్రౌపదికైతే రెండోసారి అన్యాయం చేశాడు.

ప్రతినాయకుడికి గాయపడిన గతాన్ని తగిలించే అలవాటుదీ ఇదే తంతు. శ్రీకృష్ణ పాండవీయంలో (1966) ధూళిపాళ వేసిన శకుని, తన కుటుంబాన్ని చెరసాలలో మాడ్చి చంపిన కౌరవ వంశాన్ని లోపలి నుంచి కూల్చడానికి వచ్చినవాడు. వ్యాసుడిలో లేని ఈ కథను జానపదులు అల్లారు. ఇంత చెడు ఊరికే పుట్టదన్న నమ్మకం దాని వెనక ఉంది, అది మంచి నమ్మకమే. కానీ కారణం వేరు, క్షమాపణ వేరు. కారణం చెప్పగానే లెక్క సరిపోయిందనుకునే కథలు ఇప్పుడు మరీ ఎక్కువయ్యాయి. చిన్నప్పుడు తండ్రి కొట్టాడు గనుక పెద్దయ్యాక పదిమందిని నరికాడంటే, అదే తండ్రి చేతిలో అవే దెబ్బలు తిని ఎవరినీ నరకని తమ్ముడి సంగతేమిటి? ఆ తమ్ముణ్ణి కూడా కథలోకి తెచ్చిన రచయితే అసలు పని చేసినట్టు. వాల్మీకి అందుకే విభీషణుణ్ణి తెచ్చాడు.

పూర్వకవులందరూ అన్నిచోట్లా ఇంత నిబ్బరంగా ఉన్నారా అంటే, లేదు. శరీరం దగ్గర తడబడ్డారు. మంథర గూని. శూర్పణఖను వర్ణించేటప్పుడు వాల్మీకి రాముడి అందంతో ఆమె అనాకారితనాన్ని వరసపెట్టి పోల్చి చూపిస్తాడు. ముఖం, నడుము, కళ్లు, జుట్టు, గొంతు, ఏదీ వదలడు. ఆమె చేసిన తప్పుకూ ఆమె జుట్టు రంగుకూ ఏమిటి సంబంధం? మంథర విషయంలో ఆయన కొంత సర్దుకున్నాడు. శత్రుఘ్నుడు ఆమెను జుట్టు పట్టి ఈడుస్తుంటే భరతుడు ఆపుతాడు. ఈ గూనిదాన్ని చంపితే రాముడు మనతో మాట్లాడడని హెచ్చరిస్తాడు. అయినా లోకంలో మిగిలింది ఆ గూనే. కుట్రదారు అనగానే అవిటితనం, ఒంటికన్ను, ముఖం మీద మచ్చ. వీధినాటకం నుంచి టీవీ సీరియల్ దాకా ఇదే వరస. శరీరవైకల్యంతో బతికేవాళ్లు ఇళ్లలో కూర్చుని ఇవే సీరియళ్లు చూస్తారని రాసేవాళ్లకు తట్టదు కాబోలు.

ఓల్గా విముక్త సంపుటిలోని సమాగమం కథ సీతనూ శూర్పణఖనూ అడవిలో మళ్లీ కలుపుతుంది. ముక్కుచెవులు పోగొట్టుకున్న శూర్పణఖ అక్కడ తోట పెంచుకుంటూ తన బతుకుకు కొత్త అర్థం వెతుక్కున్న మనిషి. ఈ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఓల్గా తిరగరాసిన తీరులో ఒక జాగ్రత్త ఉంది. శూర్పణఖను పైకెత్తడానికి ఆమె సీతను కిందికి తొయ్యలేదు.

అందరి పద్ధతీ అది కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుక వధ (1920), ముప్పాళ్ల రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం తెలుగు ఆలోచనను కుదిపిన పుస్తకాలు. వేల ఏళ్లుగా నోరులేని శంబుకుడికి నోరిచ్చినందుకు త్రిపురనేనికి తెలుగు సాహిత్యం రుణపడి ఉంది. కానీ ఈ ధోరణిలో వచ్చిన తర్వాతి రచనలు కొన్ని బొమ్మాబొరుసూ తిప్పడంతోనే తృప్తిపడ్డాయి. నిన్నటి దేవుడు నేటి రాక్షసుడయ్యాడు, అంతే. అతని నోటికి మళ్లీ తాళం పడింది. వాదంగా అది చెల్లుతుందేమో గానీ, నాటకంగా బలహీనం. ఇంద్రుడు కర్ర వదిలేస్తే విరూపాక్షుడు అందుకున్నట్టయింది.

పురాణాల ప్రతినాయకుల్లో కొందరికి నేటికీ వారసులున్నారన్న సంగతి కూడా మరిచిపోకూడదు. దీపావళికి కోస్తాలో కాల్చే నరకాసురుడు ప్రాగ్జ్యోతిషపురం రాజు, అంటే నేటి అస్సాం. హర్షుడి మిత్రుడైన కామరూప రాజు భాస్కరవర్మ ఏడో శతాబ్దంలో తన తామ్రశాసనాల్లో నరకుణ్ణి తమ వంశ మూలపురుషుడిగా గర్వంగా చెప్పుకున్నాడు. జార్ఖండ్‌లో అసుర్ అనే ఆదివాసీ తెగ ఉంది, తరతరాలుగా ఇనుము కరిగించిన జనం. వాళ్లలో చాలామంది మహిషాసురుణ్ణి తమ పూర్వీకుడిగా తలచి, దసరా రోజుల్లో దుఃఖం పాటిస్తారు. ఒకరి పండగ, ఇంకొకరి తద్దినం. దీనివల్ల పండగ మానేయాలని కాదు. కానీ కథ చెప్పేవాడు ఎదుట కూర్చున్న సభలో ఎవరెవరున్నారో చూసుకోవాలి కదా.

పురాణాలు దాటి ఆధునికానికి వస్తే గురజాడే కనబడతాడు. పసిపిల్లలను ముసలివాళ్లకు అమ్మే ఆచారం మీద కన్యాశుల్కం రాసిన మనిషి ఊహల మీద ఆధారపడలేదు. విశాఖ మండలంలో మూడేళ్లలో ఇలాంటి పెళ్లిళ్లు 1034 జరిగాయన్న లెక్క మొదటి ముద్రణ పీఠికలో ఉంది. అంత కోపం ఉన్నవాడు అగ్నిహోత్రావధానుల్ని రాక్షసుడిగా దించెయ్యవచ్చు. అలా చెయ్యలేదు. అవధాన్లు కోపిష్టి, మూర్ఖుడు, డబ్బు మనిషి, అయినా ఇంటి మనిషి. గిరీశం మోసగాడు, కానీ అతను లేని రంగం వెలవెలబోతుంది. మధురవాణి వేశ్య. 1897 నాటి మొదటి కూర్పు కంటే 1909 నాటి రెండో కూర్పులో ఆమె ఎంతో పెరిగింది. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన సౌజన్యారావు పంతులుకు ఆమె చేతే చురక పెట్టించాడు గురజాడ. ఆచారాన్ని చీల్చి చెండాడాడు, మనుషుల్ని మిగిల్చాడు.

తెలుగు సినిమా గురజాడను గౌరవించింది గానీ అనుసరించలేదు. ప్రతిఘటనలో (1985) కోట శ్రీనివాసరావు చేసిన కాశయ్య తెలంగాణ యాస మాట్లాడతాడు. ఆ నటన గొప్పది, వంక పెట్టడానికి లేదు. సమస్య ఒక్క కాశయ్యతో రాలేదు. నాయకుడు కోస్తా భాష మాట్లాడి, రౌడీ, హాస్యగాడు తెలంగాణ యాస మాట్లాడడం ఏళ్ల తరబడి రివాజైపోయింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఈ అవమానం గట్టిగా వినబడింది. తర్వాత రాయలసీమ వంతు వచ్చింది. సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002) విజయాలతో సీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు అని స్థిరపడిపోయింది. కరువులో బోరు వేసి నీళ్లు పడక అప్పుల్లో కూరుకుపోయిన అనంతపురం వేరుశనగ రైతు తెర మీదికి రాలేదు. ఫ్యాక్షన్ అబద్ధమని ఎవరూ అనరు. ఒక నేల మొత్తాన్ని దాంతోనే గుర్తుపట్టేలా చేయడం అబద్ధం.

ముస్లిం పాత్రల విషయం మరీ ఘోరం. గడ్డం, టోపీ, బాంబు. ఇది తప్పని తెలిసిన రచయితలు ఒక సులువైన మందు కనిపెట్టారు. టెర్రరిస్టు పక్కన దేశం కోసం ప్రాణమిచ్చే మంచి రహీంభాయిని పెట్టడం. తక్కెడ సరిచేశామన్న తృప్తి రచయితకు మిగులుతుంది. నిజానికి ఆ మంచి రహీంభాయి కూడా అనుమానంలోంచి పుట్టినవాడే, అతని దేశభక్తికి అడుగడుగునా రుజువు చూపవలసి వచ్చింది కాబట్టి. పెళ్లిలో బిర్యానీ ఉప్పెక్కిందని గొణిగే, అద్దె కట్టలేక తప్పించుకు తిరిగే ముస్లిం పాత్ర ఎక్కడ? అలాంటివాళ్లు ముస్లిం రచయితల కథల్లో దొరుకుతారు. ఇరవై ఏళ్ల కిందట వతన్ సంకలనం వచ్చినప్పుడు తెలుగు పాఠకులు చాలామంది తమ పక్కవీధి ఇళ్లలోకి తొలిసారి తొంగిచూశారు.

మార్పు లేదని కాదు. వేణు ఎల్దండి తీసిన బలగంలో (2023) విలన్ లేడు. భోజనంలో నల్లి బొక్క దగ్గర మాటామాటా పెరిగి, బావా బావమరుదులు విడిపోతారు, ఆడబిడ్డ పుట్టింటికి దూరమవుతుంది. తాత చనిపోతే కాకి పిండం ముట్టదు. అందరూ తెలంగాణ మాటే మాట్లాడతారు. తప్పు చేసినవాడూ, నొచ్చుకున్నవాడూ, మొండికేసినవాడూ ఒకే యాస. ఎవరి తప్పు వాళ్లదేనని ప్రేక్షకులకు స్పష్టంగా తెలుస్తుంది, అయినా ఎవరి మీదా అసహ్యం కలగదు. ఊళ్లలో బయట తెరలు కట్టి మరీ ఆడించుకున్నారు.

ప్రతినాయకుడు లేకుండా అన్ని కథలూ నడవవు, నడవనక్కర్లేదు కూడా. కారంచేడులో దళితుల ఊచకోత జరిగిన నేల ఇది, పరువు హత్యలు జరుగుతున్న నేల ఇది. చంపినవాడున్నాడు, వాణ్ణి చూపించి తీరాలి. ఆ పని మొదలుపెట్టే కొత్త రచయితలకు ఒక విన్నపం. రాత పూర్తయ్యాక మీ దుర్మార్గుడి యాస, కులం గుర్తు, మతం గుర్తు, ఒంటి మీది లోపం, అన్నీ పెన్సిల్‌తో కొట్టేసి ఒక స్నేహితుడికి చదవమని ఇవ్వండి. అయినా వాడు దుర్మార్గుడని అతను గుర్తుపడితే కథ నిలిచినట్టే. గుర్తుపట్టలేకపోతే, మీరు వేషం రాశారు గానీ నేరం రాయలేదు. మళ్లీ కూర్చోండి. అలాగే వాడి చేతిలో నలిగిన మనిషికి ఎన్ని పేజీలిచ్చారో కూడా ఒకసారి లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే పత్రికకు పంపండి.